మట్టి లేని మడి

మీ ఇంట్లో కాకపోతే పక్కింట్లోనైనా, కిటికీ దగ్గర ఒక సీసాలో మనీప్లాంటు తీగ ఉండే ఉంటుంది. సీసాలో నీళ్లు తప్ప మరేమీ ఉండవు. చిటికెడు మట్టి లేదు, పెంట లేదు, ఎరువు లేదు. అయినా ఆ తీగ నెలల తరబడి బతుకుతుంది. అడపాదడపా ఒక కొత్త ఆకు కూడా వేస్తుంది.

సరే, దాని పక్కనే ఇంకో సీసా పెట్టండి. ఒక టమాటా మొక్కను మడిలోంచి మెల్లిగా లాగి, వేళ్లు శుభ్రంగా కడిగి, ఆ సీసా నీళ్లలో నిలబెట్టండి. నాలుగు రోజులు బాగానే ఉంటుంది. తరవాత ఎదుగుదల ఆగిపోతుంది. ఆకులు పాలిపోతాయి. చివరికి వాలిపోతుంది. రెండు సీసాల్లోనూ ఉన్నవి ఒకే కొళాయి నీళ్లు. పడుతున్నది ఒకే ఎండ. మరి ఒకటి బతికి, రెండోది చావడమేమిటి?

"మట్టి లేదు గనక" అని మీరు ఠక్కున జవాబు చెప్పేస్తారు. మరి మనీప్లాంటుకూ మట్టి లేదుగా! అసలు మట్టిలోంచి మొక్క తీసుకునేదేమిటి? అది తెలిస్తేగాని ఈ చిక్కు విడదు. ఇది విప్పడానికి మనుషులకు రెండు వందల ఏళ్లకు పైనే పట్టింది. విప్పిన తరవాత మట్టి లేకుండానే పాలకూర, టమాటా పండించడం వీలయింది. మీ డాబా మీద ఒక నూనె డబ్బాలో మీరు కూడా పండించవచ్చు. ఎలాగో చెబుతాను. దానికి ముందు ఒక పాత లెక్క చూడాలి.

రెండు ఔన్సుల లెక్క

బ్రస్సెల్సు ప్రాంతంలో వాన్ హెల్మాంట్ అనే వైద్యుడు ఉండేవాడు. ఆయన 1644లో పోయాడు. నాలుగేళ్ల తరవాత ఆయన రాతలన్నీ పుస్తకంగా వచ్చాయి. అందులో ఒక ప్రయోగం ఉంది. ఒక పెద్ద కుండీలో బాగా ఎండబెట్టిన మట్టి 200 పౌన్లు తూచి పోశాడు. అందులో 5 పౌన్ల బరువున్న విల్లో మొక్కను నాటాడు. దుమ్ము పడకుండా కుండీకి చిల్లుల రేకు కప్పాడు. అయిదేళ్ల పాటు వాన నీళ్లు తప్ప ఏమీ పొయ్యలేదు. అయిదేళ్ల తరవాత చెట్టును పీకి తూస్తే 169 పౌన్ల పైచిలుకు తూగింది. మరి మట్టి? దాన్ని మళ్లీ ఎండబెట్టి తూచాడు. అది తగ్గింది కేవలం రెండు ఔన్సులు. మన లెక్కలో చెప్పాలంటే చెట్టు 74 కిలోలు పెరిగింది, మట్టి తరిగింది 60 గ్రాముల లోపే!

"చూశారా, చెట్టంతా నీళ్లలోంచే తయారైంది!" అన్నాడాయన.

ఇందులో రెండు తప్పులున్నాయి. మొదటి తప్పు చూస్తే నవ్వొస్తుంది. చెట్టు పొడి బరువులో ఎక్కువ భాగం గాలిలోని బొగ్గుపులుసు వాయువు నుంచి వచ్చింది. ఆకులు ఎండ సాయంతో ఆ వాయువునూ నీటినీ కలిపి పిండిపదార్థాలు తయారు చేస్తాయని మీరు చదువుకున్నారు కదా. బొగ్గు మండితే వచ్చే ఆ వాయువు గాలి కంటే వేరైనదని గుర్తించిన వాళ్లలో ఈ వాన్ హెల్మాంట్ మొదటివాడు! 'గ్యాస్' అనే మాటను పుట్టించింది కూడా ఆయనే. తన పేరు పెట్టిన వస్తువే తన చెట్టును కట్టిందని పాపం ఆయనకు తెలియదు.

రెండో తప్పు మనకు ముఖ్యం. ఆ రెండు ఔన్సులను ఆయన పట్టించుకోలేదు. అంత పెద్ద తూకంలో అదొక లెక్కా అనుకున్నాడేమో. మన కథంతా ఆ రెండు ఔన్సుల్లోనే ఉంది.

1690లలో లండనులో జాన్ వుడ్‌వర్డ్ అనే ఆయన పుదీనా జాతి మొక్కలను రకరకాల నీళ్లలో పెంచి తూచాడు. ఒకదానికి వాన నీళ్లు, ఒకదానికి థేమ్స్ నది నీళ్లు, ఇంకోదానికి తోటమట్టి కలిపిన నీళ్లు. నీళ్లే మొక్కకు తిండి అయితే అన్నీ ఒకేలా పెరగాలి కదా? అలా జరగలేదు. వాన నీళ్లలో పెరిగినది పీలగా ఉంది. మట్టి కలిపిన నీళ్లలోది ఏపుగా పెరిగింది. అంటే నీళ్లు మోసుకొచ్చేది మరేదో ఉందన్నమాట.

ఈ ప్రయోగం మీరు ఈ వారమే చేయవచ్చు. కూరకు తెచ్చిన పుదీనా కట్టలోంచి ఒకే పొడవున్న రెమ్మలు నాలుగు ఏరి, నాలుగు గాజు గ్లాసుల్లో పెట్టండి. ఒకదాంట్లో వాన నీళ్లు, ఒకదాంట్లో కొళాయి నీళ్లు, మరోదాంట్లో చెరువు నీళ్లు పొయ్యండి. నాలుగోదాంట్లో గుప్పెడు తోటమట్టి కలిపి, ఒక రాత్రి తేరనిచ్చి వడకట్టిన నీళ్లు పొయ్యండి. గ్లాసుల చుట్టూ కాగితం చుట్టండి, లేకపోతే నాచు పడుతుంది. మొదటి వారం తేడా ఏమీ కనిపించదు, వేళ్లు పుట్టడంతోనే సరిపోతుంది. మూడో వారానికి వుడ్‌వర్డ్ చూసింది మీరూ చూస్తారు.

మట్టి నీళ్లు ఏం మోసుకొస్తున్నాయో తేల్చినవాళ్లు జర్మనీ శాస్త్రజ్ఞులు జూలియస్ జాక్స్, విల్‌హెల్మ్ క్నోప్. 1860 ప్రాంతంలో వాళ్లు శుద్ధమైన నీళ్లలో కొన్ని లవణాలను తూచి కలిపి, ఆ నీళ్లలోనే వేళ్లుంచి మొక్కలను విత్తనం నుంచి విత్తనం దాకా పెంచారు. తరవాత ఒక్కొక్క లవణాన్ని తీసేసి ఏం జరుగుతుందో చూశారు. ఇనుము తీసేస్తే కొత్త ఆకులు తెల్లబోయాయి. నత్రజని తీసేస్తే ముదురాకులు పసుపెక్కాయి. ఇలా లెక్క తేల్చుకుంటూ వస్తే, మొక్కకు తప్పనిసరైన మూలకాలు 17 అని ఇప్పటికి తేలింది. కర్బనం, ఉదజని, ఆమ్లజని గాలి నుంచీ నీళ్ల నుంచీ వస్తాయి. మిగిలిన 14 వేళ్ల ద్వారా రావాలి. నత్రజని, భాస్వరం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, గంధకం కాస్త ఎక్కువగా కావాలి. ఇనుము, మాంగనీసు, జింకు, రాగి, బోరాన్, మాలిబ్డినం, క్లోరిన్, నికెల్ లేశమాత్రం చాలు. వాన్ హెల్మాంట్ కుండీలో మాయమైన రెండు ఔన్సులు ఇవే!

ఇప్పుడు మనీప్లాంటు గుట్టు కూడా తెలిసినట్టే. కొళాయి నీళ్లలో ఈ లవణాలు కొద్దికొద్దిగా కరిగి ఉంటాయి. మనీప్లాంటు నిదానస్తురాలు. నెలకో ఆకు వేస్తూ, దొరికిన దానితో సరిపెట్టుకుంటుంది. టమాటాది మూడు నెలల్లో పెరిగి, పూసి, కాయాలనే తొందర. దానికి ఆ పలచటి జావ ఏం సరిపోతుంది?

ఇరవై అయిదు అడుగుల టమాటా

చాలాకాలం ఇది ప్రయోగశాల సీసాల్లోనే ఉండిపోయింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గెరికె అనే ఆచార్యుడు 1929 నుంచీ దీన్ని పెద్ద తొట్లలో పంటగా పండించడం మొదలుపెట్టాడు. ఆయన తొట్లలోంచి టమాటా తీగలు 25 అడుగుల ఎత్తుకు పాకితే, నిచ్చెన వేసుకుని కాయలు కోశారు. ఈ పద్ధతికి ఆయన మొదట పెట్టుకున్న పేరు 'ఆక్వాకల్చర్'. తీరా చూస్తే ఆ పేరు అప్పటికే చేపల పెంపకానికి ఉంది! అందుకని 1937లో 'హైడ్రోపోనిక్స్' అని మార్చాడు. గ్రీకు భాషలో హైడ్రో అంటే నీరు, పోనోస్ అంటే పని. ఆనాడు పేరు దగ్గర అడ్డం వచ్చిన చేపలు తరవాత ఈ తోటలోకే వచ్చి చేరాయి. ఆ సంగతి కాసేపట్లో చూద్దాం.

పత్రికలు ఊరుకుంటాయా? ఇక పొలాలతో పనే లేదన్నట్టు రాశాయి. అప్పుడు అదే విశ్వవిద్యాలయంలోని హోగ్‌లాండ్, ఆర్నన్ అనే ఇద్దరు నిదానంగా కొలిచి చూశారు. మంచి మట్టిలో పండేదాని కంటే నీళ్లలో గొప్పగా పండేదేమీ లేదని 1938లో రాశారు. ఇది మీరు గుర్తుంచుకోవాలి. ఎందుకంటే ఈ రోజుల్లో కూడా, మట్టి లేకుండా పదింతలు పండుతుందని ఆశపెట్టి సామాను అమ్మేవాళ్లున్నారు. ఇంటి ముందు మంచి నేల ఉన్నవాళ్లు గునపం పట్టుకోవడమే మేలు. నేల లేనివాళ్లకే ఈ విద్య. విచిత్రమేమిటంటే ఆ ఇద్దరూ కూర్చిన లవణాల జాబితానే నేటికీ ప్రపంచమంతా వాడుతోంది.

నేల లేనివాళ్లు ఎక్కడుంటారు? పసిఫిక్ సముద్రం మధ్యలో వేక్ అనే పగడపు దీవి ఉంది. 1930లలో పాన్ అమెరికన్ విమానాలు అక్కడ ఆగి పెట్రోలు పోసుకునేవి. అక్కడి సిబ్బందికి కూరగాయలు ఈ తొట్లలోనే పండించారు. మన దేశం సంగతికొస్తే, 1946 ప్రాంతంలో షోల్టో డగ్లస్ అనే ఆయన కాలింపాంగ్ కొండల్లో ప్రయోగాలు చేశాడు. పంపులూ సిమెంటు తొట్లూ పేదవాళ్లకు అందవని ఆయన బాధ. చవకగా దొరికే వస్తువులతో తొట్టి చేసి, ఇటుక ముక్కలూ ఇసుకా నింపి, పొడి లవణాలు చల్లి నీళ్లు పోసే పద్ధతి తయారు చేశాడు. దానికి 'బెంగాల్ పద్ధతి' అని పేరొచ్చింది. మనం చేయబోయే డబ్బా తోట ఆ వరసలోదే.

కరెంటు అక్కరలేని డబ్బా

మట్టి తీసేశామంటే అది చేసే పనులన్నీ మన నెత్తిన పడతాయి. మొక్కను నిలబెట్టాలి, నీళ్లివ్వాలి, లవణాలివ్వాలి. ఇంకొకటుంది, దాన్ని అందరూ మరిచిపోతారు. వేళ్లకు గాలి కావాలి. మట్టి రేణువుల మధ్య సందుల్లో గాలి ఉంటుంది. వేళ్లు ఆ గాలినే పీలుస్తాయి. పొలంలో నీళ్లు నిలిస్తే పైరు ఎందుకు ఎర్రబడి చస్తుందనుకున్నారు? ఊపిరాడక! వరికి కాండంలోనే గాలి గొట్టాలుంటాయి గనక అది తట్టుకుంటుంది.

పెద్ద తోటల్లో గాలి కోసం పంపులు పెడతారు. హవాయి విశ్వవిద్యాలయంలో క్రాట్కీ అనే శాస్త్రజ్ఞుడు పంపు లేని ఉపాయం ఒకటి ప్రచారంలోకి తెచ్చాడు. అది ఇలా ఉంటుంది.

హోటళ్లకు నూనె వచ్చే 15 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకోండి. రంగులూ మందులూ పోసిన డబ్బాలు మాత్రం వద్దు. సబ్బుతో రెండుసార్లు కడగండి. పైభాగం కోసి, దాని మీదకు సరిపోయే మూతగా ఒక థర్మోకోల్ పలక పెట్టండి. మూతకు మూడు నాలుగు గుండ్రటి చిల్లులు చెయ్యండి. టీ తాగి పారేసే ప్లాస్టిక్ కప్పులకు అడుగునా పక్కలా చిన్న చిన్న కంతలు పెట్టి, ఆ చిల్లుల్లో దించండి. కప్పులో కడిగిన కొబ్బరి పొట్టు నింపండి. డబ్బాకు వెలుతురు సోకకుండా నల్ల గుడ్డ గాని, దళసరి కాగితం గాని చుట్టండి. వెలుతురు తగిలితే మీ లవణాలన్నీ నాచే తినేస్తుంది.

లవణాల మాటకొద్దాం. బిందు సేద్యం చేసే ఊళ్లలో ఎరువుల కొట్టుకు వెళ్లి పేర్లు చెప్పక్కర్లేదు, అంకెలు చెబితే చాలు. '13-0-45' అంటే పొటాషియం నైట్రేటు. మన పెద్దవాళ్లు సూరేకారం అనేది దీన్నే. నిప్పు దగ్గర పెట్టకండి. '0-52-34' అంటే పొటాషియమూ భాస్వరమూ ఉన్న ఫాస్ఫేటు. కాల్షియం నైట్రేటు వేరే సంచీలో ఉంటుంది. మెగ్నీషియం సల్ఫేటును మందుల షాపులో ఎప్సమ్ సాల్ట్ అంటే ఇస్తారు. పది లీటర్ల నీళ్లకు సూరేకారం రెండున్నర గ్రాములు, ఫాస్ఫేటు 0.7 గ్రాము, ఎప్సమ్ సాల్ట్ రెండున్నర గ్రాములు, కాల్షియం నైట్రేటు 5 గ్రాములు వెయ్యాలి. ఇది హోగ్‌లాండ్ లెక్కలో ఇంచుమించు సగం. ఆకుకూరలకు ఇది చాలు. మిగిలినవి సూక్ష్మపోషకాల పొడిలో దొరుకుతాయి. ప్యాకెట్టు మీద రాసినంత వెయ్యండి. అందులో ఇనుము లేకపోతే నీళ్లలో కరిగే ఇనుప ఎరువు, ఇ.డి.టి.ఎ. అని రాసి ఉండేది, ఏడెనిమిది బియ్యపు గింజల బరువు కలపండి. ఇంత చిన్న తూకాలు ఇంట్లో కుదరవు. బడిలో సైన్సు మాస్టారిని అడిగి ప్రయోగశాల త్రాసులో తూచుకోండి. పని కాగానే చేతులు కడుక్కోండి. పొడులు చిన్నపిల్లలకు అందకుండా పెట్టండి.

ఒక జాగ్రత్త ఉంది. కాల్షియం నైట్రేటును వేరే గిన్నెలో కరిగించి, నిండా నీళ్లున్న డబ్బాలో ఆఖరున పొయ్యాలి. అన్నీ ఒకే గ్లాసులో చిక్కగా కలిపారో, తెల్లటి మడ్డి అడుగున దిగుతుంది. కాల్షియం పోయి ఎప్సమ్ సాల్ట్‌లోని సల్ఫేటుతో జట్టు కట్టి జిప్సం అవుతుంది. ఫాస్ఫేటుతో కలిసినా అంతే, కరగని మడ్డే. అది డబ్బాలో ఉన్నా మొక్క నోటికి అందదు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాడకండి. వాన నీళ్లు పట్టి ఉంచుకుంటే అన్నిటికంటే మంచిది. లిట్మస్ బదులు పి.హెచ్. కాగితం దొరికితే ముంచి చూడండి. అయిదున్నర, ఆరున్నర మధ్య ఉండాలి. ఎక్కువగా ఉంటే నిమ్మరసం చుక్కలు చుక్కలుగా వెయ్యండి.

పాలకూరో తోటకూరో విత్తనాలు కొబ్బరి పొట్టులో మొలిపించి, నాలుగాకులు రాగానే కప్పుల్లోకి మార్చండి. నీళ్లు కప్పు అడుగును తాకుతూ ఉండాలి. ఇక మీరు చెయ్యవలసిందేమీ లేదు. నిజంగానే ఏమీ లేదు. మొక్క తాగిన కొద్దీ మట్టం దిగుతుంది. దిగిన మేర మూత కిందా నీటి పైనా ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో వేలాడే పై వేళ్లకు నూగులాగా సన్నటి పిల్లవేళ్లు పుడతాయి. అవి తేమ గాలిలోంచి ఆమ్లజని పీల్చుకుంటాయి. కింది వేళ్లు నీళ్లు తాగుతాయి. అయిదారు వారాల్లో ఆకుకూర కోతకొస్తుంది.

ఈ 'ఏమీ చెయ్యకుండా ఉండడం' అనేది చెప్పినంత తేలిక కాదండోయ్. నేను మొదటిసారి పెట్టినప్పుడు పాలకూర అరచెయ్యంత ఆకులేసింది. నాలుగు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి మొక్కలన్నీ వాడి వేలాడుతున్నాయి. మూత తీసి చూస్తే డబ్బా నిండా నీళ్లున్నాయి! "సగానికి దిగిపోయాయిరా నాయనా, పాపం మొక్కలు ఎండిపోతాయని నేనే చెంబుతో పోశా" అంది మా పెద్దమ్మ. గాలికి అలవాటు పడ్డ పై వేళ్లు నీళ్లలో మునిగి ఉక్కిరిబిక్కిరయ్యాయి. నిండు నీళ్లలో నిలబడి మొక్క వాడిపోయిందంటే పెద్దమ్మ ఈనాటికీ నమ్మదు. నీళ్లు తీరా అడుగంటుతుంటే పొయ్యవచ్చు. అప్పుడు కూడా డబ్బాలో మూడో వంతుకు మించకూడదు.

మూతకూ డబ్బాకూ మధ్య సందులుంటే గుడ్డ దోపండి. లేకపోతే డెంగ్యూ దోమలకు మీరే పురిటి గది కట్టిచ్చినట్టవుతుంది.

చేపలు వచ్చి చేరాయి

లవణాలు కొనకుండా మొక్కలను పెంచలేమా? చేపల తొట్టి ఉన్నవాళ్లను అడగండి. పదిహేను రోజులకోసారి నీళ్లు మార్చడం ఎంత విసుగో చెబుతారు. ఆ పారబోసే నీళ్లు మొక్కలకు పోస్తే ఏపుగా పెరుగుతాయి. చేపల నీళ్లను మొక్కల వేళ్ల మీదుగా పంపి, మళ్లీ చేపల తొట్టిలోకే రానిస్తే నీళ్లు మార్చే బాధ తప్పుతుంది, ఎరువూ దొరుకుతుంది. దీన్నే 'ఆక్వాపోనిక్స్' అంటారు. 1970లలో, 80లలో అమెరికాలో కొందరు దీన్ని లెక్కప్రకారం అభివృద్ధి చేశారు. వరి మడిలో చేపలు పెంచే రైతులకు ఈ కిటుకు అంతకు ముందే తెలుసు. అరుణాచల్ ప్రదేశ్‌లో జీరో లోయలోని అపతానీలు ఇప్పటికీ అలా పెంచుతున్నారు.

ఇది చదివి నేను ఉత్సాహంగా వంద లీటర్ల టబ్బు కొన్నాను. కొత్త కంకర పోశాను. అదే రోజు పన్నెండు గోల్డ్‌ఫిష్‌లు తెచ్చి వదిలాను. నీళ్లు అద్దంలా ఉన్నాయి. మూడో రోజు చేపలు పైకొచ్చి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి. అయిదో రోజు తెల్లారేసరికి ఏడు తేలాయి. వారానికి మిగిలినవి రెండే. రోగిష్టి చేపల్ని అంటగట్టాడని అమ్మినవాణ్ణి తిట్టుకున్నాను. తప్పు అతనిది కాదు, నాదే.

జరిగిందేమిటంటే, చేప తిన్న మేతలోని నత్రజనిలో చాలా భాగం అమోనియాగా మారి మొప్పల ద్వారా నీళ్లలోకి వస్తుంది. అమోనియాకు రంగు లేదు. ఆ పాటి మోతాదులో వాసన కూడా తెలియదు. కానీ చేపకు అది విషం. నీళ్లు వెచ్చగా, క్షారంగా ఉంటే మరీ విషం. చెరువుల్లో చేపలు ఎందుకు చావవంటే, అక్కడ అడుగు బురదకూ రాళ్లకూ పట్టుకుని కంటికి కనిపించని పనివాళ్లున్నారు. ఒక జాతి బాక్టీరియా అమోనియాను నైట్రైటుగా మారుస్తుంది. నైట్రైటు కూడా విషమే. చేప రక్తంలోకి చేరి దాన్ని గోధుమరంగుగా మార్చి, ప్రాణవాయువు మొయ్యకుండా చేస్తుంది. ఇంకో జాతి బాక్టీరియా ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటు చేపకు పెద్దగా హాని చెయ్యదు. మొక్కకు మాత్రం అది పరమాన్నం. మనం ఎరువుల కొట్లో అంకెలు చెప్పి కొన్నదీ ఆ నైట్రేటే కదా!

వీటిని మొట్టమొదట విడదీసి పట్టుకున్నవాడు రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ. 1890 ప్రాంతంలో ఆయన వీటి వింత తిండిని బయటపెట్టాడు. మిగతా సూక్ష్మజీవులకు వేసే తిండి వీటికి సయించదు. అమోనియాను ఆమ్లజనితో కలిపి, ఆ శక్తితోనే ఇవి బతుకుతాయి. రెండు మెట్లూ ఒక్కటే ఎక్కగల బాక్టీరియా కూడా ఉన్నాయని 2015లో తెలిసింది.

అద్దంలా మెరిసే నా కొత్త టబ్బులో ఈ పనివాళ్లు ఒక్కరూ లేరు. మట్టి చేసే పనుల్లో అన్నిటికంటే కనపడనిది ఇదే. నేను దాన్నే మరిచిపోయాను. ఇవి వచ్చి స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందాకా చేపల్ని తేకూడదు.

రెండోసారి ఇలా చేశాను. టబ్బు పక్కన ఇటుకలతో గట్టి దిమ్మ కట్టి, దాని మీద 50 లీటర్ల వెడల్పాటి తొట్టి పెట్టాను. దిమ్మ అంటే నిజంగా దిమ్మే. తొట్టెడు కంకర 80 కిలోలుంటుంది, స్టూలు మీద పెడితే చేపల మీదే పడుతుంది. కంకరను ఏడు నీళ్లు కడిగి, నాలుగు రాళ్ల మీద వెనిగర్ చుక్కలు వేసి చూడాలి. బుసబుస పొంగితే అది సున్నపురాయి, పనికిరాదు. తొట్టి అడుగున చిల్లు చేసి, కంకర మట్టానికి రెండు వేళ్లు తక్కువగా ఒక పైపు నిలబెట్టాను. ఆ పైపుకు అడుగున పెన్సిలంత కంత ఒకటి పెట్టాను. ఎండాకాలం కూలర్లలో పెట్టే చిన్న మోటారు టబ్బులో వేస్తే, నీళ్లు పైకెక్కి తొట్టి నింపి, పైపు మీదుగా పొర్లి టబ్బులో పడతాయి. మోటారు ఆపితే అడుగు కంతలోంచి మెల్లిగా దిగిపోతాయి. దిగుతూ గాలిని లోపలికి లాక్కుంటాయి. వేళ్లకూ బాక్టీరియాకూ కావలసింది అదే. గంటకు పావుగంట మోటారు తిరిగితే చాలు. రాళ్ల మధ్య ఖాళీ నూటికి నలభై వంతులుంటుంది గనక, 50 లీటర్ల తొట్టి నిండితే టబ్బులో 20 లీటర్లు తగ్గుతాయి. చేపలు మునిగి ఉండేంత లోతు అప్పుడు కూడా ఉండాలి. నీళ్లలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గు పీకెయ్యాలి, స్విచ్చి ఒక్కటే ఆపితే చాలదు. మోటారు బిగించడం పెద్దవాళ్ల చేత చేయించండి.

కొళాయి నీళ్లను రెండు రోజులు ఎండలో ఉంచి క్లోరిన్ పోనిచ్చాను. తరవాత చేపలు లేని ఆ టబ్బులో రోజూ చిటికెడు చేపల మేత వేశాను. అది కుళ్లి అమోనియా పుడుతుంది. ఒక స్నేహితుడి పాత చేపల తొట్టిలోంచి గుప్పెడు రాళ్లు అడిగి తెచ్చి కంకరలో కలిపాను. పాలల్లో తోడు వేసినట్టన్నమాట. చేపల సామాను అమ్మే కొట్లలో అమోనియా, నైట్రైటు, నైట్రేటు చూసే మందు చుక్కలు దొరుకుతాయి. రోజు విడిచి రోజు చూసి నోటుబుక్కులో రాశాను. మొదట అమోనియా పెరిగింది. రెండో వారం దాటాక అది పడిపోతూ నైట్రైటు పెరిగింది. అయిదో వారంలో రెండూ సున్నాకొచ్చి, నైట్రేటు కనిపించింది. ఆ గ్రాఫు మీ బడిలో సైన్సు ఫేర్‌కు అన్ని విధాలా తగినది.

ఎన్ని చేపలు పెంచవచ్చు? వంద లీటర్లకు ఒక కిలో చేపలు మించకూడదు. కొత్తవాళ్లకు అందులో సగమే మంచిది. కిలో చేపలు రోజుకు తమ బరువులో నూరో వంతు, అంటే 10 గ్రాములు తింటాయనుకోండి. ఒక చదరపు మీటరు ఆకుకూరకు రోజుకు 40, 50 గ్రాముల మేత పడాలని అనుభవజ్ఞుల లెక్క. అంటే మీ కిలో చేపలు పావు చదరపు మీటరు తోటకూరను పోషిస్తాయి. ఒక పూట పప్పులోకి సరిపోతుంది. దీంతో కూరల ఖర్చు తప్పిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

గోల్డ్‌ఫిష్, గప్పీ తేలిక. కొరమీను నీటి పైకొచ్చి గాలి మింగగలదు గనక కరెంటు పోయినా తట్టుకుంటుంది. కానీ అది తనకంటే చిన్నవాటిని మింగేస్తుంది. పెంచిన విదేశీ చేపలను చెరువుల్లో, కాలవల్లో వదలకండి. అక్కడి చేపలకు చేటు. ఏప్రిల్, మే నెలల్లో టబ్బుకు నీడ కావాలి. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆమ్లజని కరిగితే, 30 డిగ్రీల దగ్గర కరిగేది ఏడున్నరే. ఎండాకాలంలోనే కరెంటూ పోతుంటుంది. మోటారు ఆగితే చెంబుతో నీళ్లు ఎత్తి ఎత్తి పొయ్యండి. నేను ఒక రాత్రంతా అలా పోశాను.

చేపల మేతలో మొక్కకు కావలసిన 14 మూలకాలూ సరిపడా ఉండవు. ఇనుము మరీ తక్కువ. కొత్త ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కితే అదే కారణం. చేపలున్న టబ్బులో ఎరువుల పొడులు గుప్పించకండి. నీళ్లలో కరిగే ఇనుము ఒక్కటీ కొద్దిగా వేస్తే చాలు.

నా టబ్బులో రెండోసారి మొదట వదిలింది రెండే రెండు చేపలు. మొదటి విడతలో మిగిలినవే అవి. అందాకా ఒక గాజు తొట్టిలో, రోజూ సగం నీళ్లు మారుస్తూ వాటిని కాపాడాను. వారం తరవాత మందు చుక్కలు వేసి చూస్తే అమోనియా సున్నా. అప్పుడు ఇంకో రెండు తెచ్చాను.